జాల్లో: నల్ల గ్లౌజులూ, చూసిన కన్నూ

(ఫిల్మ్ సొసైటీ వార్షిక స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఇంతవరకు బరువైన విషయాలే ఎంచుకున్నారు. ఈసారి హారర్ సినిమాల్లో ఒక పాయకున్న పేరు గురించి మాట్లాడతానంటే కార్యవర్గం వారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. మాస్టారే ఉంటే ఆ ఆలోచన కూడా అక్కర్లేకపోయేది. ఆయనకు హారర్ అంటే చిన్నచూపు లేదు. సినిమాకు ఒక ముద్ర వేసి చేతులు దులుపుకోవడమే ఆయనకు గిట్టేది కాదు. ప్రదర్శన అయ్యాక చర్చలో ఎవరైనా లేచి "ఇది నోయిర్ అండీ" అంటే, "సరే బాబూ, ఏం చూశావో అది చెప్పు" అనేవారు.

నేను మాట్లాడబోయే పేరు జాల్లో. ఇటాలియన్ మాట. అక్షరాలు చూసి గియాలో అనేవాళ్లున్నారు గానీ ఇటలీలో పలికేది జాల్లో అనే. పసుపుపచ్చ అని అర్థం. ఓటీటీ జాబితాల్లో, సమీక్షల్లో, మన కుర్రవాళ్లు రాసే వ్యాసాల్లో ఇప్పుడీ మాట ధారాళంగా కనిపిస్తోంది. నల్ల గ్లౌజులు వేసుకున్న చెయ్యి, తళతళలాడే కత్తి, ఎరుపూ నీలం లైట్లూ కనిపిస్తే చాలు, జాల్లో అనేస్తున్నారు. ఆ వాడుక పుట్టడానికి కారణాలున్నాయి, వాటిని చెబుతాను. కానీ గ్లౌజులు ఈ సినిమాలకు పైబట్ట మాత్రమే. చూసిన మనిషికి తాను చూసిందేమిటో అర్థం కాకపోవడం వీటి ప్రాణం. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

అట్ట రంగు

1929లో ఇటలీలో మొందదోరి ప్రచురణ సంస్థ డిటెక్టివ్ నవలల వరుస ఒకటి మొదలుపెట్టింది. మొదటి పుస్తకం అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్‌ది. ఇంగ్లండ్ రచయిత ఎడ్గర్ వాలెస్ వంటివారి అనువాదాలు కూడా వచ్చాయి. అన్నిటికీ పసుపు రంగు అట్టలే. వరుస బాగా అమ్ముడుపోయింది. కొన్నాళ్లకు ఎవరు అచ్చు వేసినా సరే, డిటెక్టివ్ కథ అయితే దాన్ని జాల్లో అనడం మామూలైపోయింది. అట్ట రంగు పేరు లోపలి కథకు అంటుకుంది. ఫ్రాన్సులోనూ ఇలాంటిదే జరిగింది. 1945లో గలిమార్ సంస్థ నల్ల అట్టలతో తెచ్చిన నేరకథల వరుస పేరు సెరీ నోయిర్. మరుసటేడు ఫ్రెంచి విమర్శకులు హాలీవుడ్ నేరచిత్రాలను ఫిల్మ్ నోయిర్ అనడం మొదలుపెట్టారు.

ఈ పసుపు పుస్తకాలు ముస్సోలినీ ఏలుబడిలో పుట్టాయి. హత్యలు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో జరిగితే సర్కారుకు పేచీ లేదు. సవ్యంగా పాలిస్తున్న ఇటలీలో, ఇటలీ మనిషి హంతకుడని రాస్తేనే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఇంకోపక్క విదేశీ పుస్తకాలు తగ్గించి స్వదేశీ రచయితలకు చోటివ్వాలని ఒత్తిడి. 1941లో మొందదోరి వరుస ఆగిపోయింది, యుద్ధం ముగిశాకే మళ్లీ మొదలైంది. మిలాన్ నగరాన్నే రంగస్థలం చేసుకుని కమిషనర్ దే విన్చెంజి పాత్రతో నవలలు రాసిన అవుగుస్తో దే ఆంజెలిస్ 1944లో ఒక ఫాసిస్టు కొట్టిన దెబ్బలతో చనిపోయాడు. కాలక్షేపం సరుకని తీసిపారేసే సాహిత్యానికి కూడా ఇలాంటి చరిత్ర ఉంటుంది.

ఇటలీలో ఈ మాట ఇవాళ్టికీ అంత విశాలంగానే ఉంది. అగాథా క్రిస్టీ జాల్లో, సిమెనాన్ జాల్లో, ఆంద్రేయా కమిల్లేరి సృష్టించిన ఇన్‌స్పెక్టర్ మోంతల్బానో కథలు జాల్లో. తేలని హత్యకేసు గురించి పత్రికలు రాసినా ఆ మాటే వాడతాయి. ఆ లెక్కన మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కూడా జాల్లో హీరోయే. హిచ్‌కాక్ గురించి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఇటలీవాడితో మాట్లాడుతూ "జాల్లో అంటే రక్తపాతం ఉన్న హారర్ కదా" అంటే ఆయన మన ముఖం వింతగా చూస్తాడు.

ఒకే దర్శకుడు, రెండు విత్తనాలు

సినిమాల్లో ఈ పాయకు మూలపురుషుడు మారియో బావా. కెమెరామన్‌గా పేరు తెచ్చుకుని దర్శకుడైనవాడు. 1963లో "ద గర్ల్ హూ న్యూ టూ మచ్" తీశాడు. హిచ్‌కాక్ సినిమా పేరును చమత్కారంగా మార్చి పెట్టిన పేరది. నోరా డేవిస్ అనే అమెరికన్ అమ్మాయి విమానంలో డిటెక్టివ్ నవల చదువుకుంటూ రోమ్‌లో దిగుతుంది. అంటే పసుపు పుస్తకం చదివే పాఠకురాలే ఈ కథకు నాయిక. ఆ రాత్రే స్పానిష్ మెట్ల దగ్గర ఒక దొంగ ఆమెను కొట్టి పర్సు లాక్కుపోతాడు. స్పృహ సగం ఉండీ లేకుండా ఉండగా, వెన్నులో కత్తి దిగిన ఒక స్త్రీని, ఆమె పక్కనే ఒక మగవాణ్ని చూస్తుంది. తెల్లారి ఆసుపత్రిలో ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. తాగిన మైకం అంటారు, నవలలు చదివి పాడైపోయిందంటారు. నిజంగా ఏం చూసిందన్నది ఆమెకే తేలదు. సినిమా అంతా ఆ తేలనితనం మీదే నడుస్తుంది. రక్తం తక్కువ, నలుపు తెలుపు చిత్రం.

మరుసటేడు అదే బావా "బ్లడ్ అండ్ బ్లాక్ లేస్" తీశాడు. రోమ్‌లో ఒక ఫ్యాషన్ సంస్థ. అక్కడి మోడళ్లు ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. హంతకుడికి ముఖం లేదు. తెల్లటి ముసుగు, టోపీ, పొడుగు కోటు, నల్ల గ్లౌజులు. టైటిల్స్ వస్తున్నప్పుడే నటీనటులను బట్టల దుకాణం బొమ్మల పక్కన బొమ్మల్లాగే నిలబెట్టి చూపిస్తాడు. ఎవరు మనిషి, ఎవరు బొమ్మ అని ఒక క్షణం తడుముకుంటాం. ఆ తర్వాత గదిగదికీ ఒక రంగు: ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట ఊదా, మరోచోట ఎర్ర తెర. ట్రాలీకి డబ్బుల్లేక పిల్లల ఆటబండి మీద కెమెరా పెట్టి లాగించాడని చెబుతారు. ఈ కథలో సాక్షి లేడు, అనుమానంతో తిరిగే నోరా లాంటి అమ్మాయీ లేదు. హత్యను అలంకరించి చూపడమే ఇక్కడ ప్రధానం. ఆ రోజుల్లో జర్మనీలో ఎడ్గర్ వాలెస్ కథలతో వరుసగా వస్తున్న క్రిమీ చిత్రాల ముసుగు హంతకుడు ఇటలీలో రంగులు పూసుకుని వచ్చాడన్నమాట.

అంటే 1963 మనకు కన్ను ఇచ్చింది, 1964 గ్లౌజులు ఇచ్చింది.

రెండు గాజు తలుపుల మధ్య

ఈ రెండిటినీ కలిపినవాడు దారియో అర్జెంతో. రోమ్‌లో పత్రికకు సినిమా సమీక్షలు రాసేవాడు. బెర్తొలూచ్చితో కలిసి సెర్జియో లియోనె "వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్"కు కథ అల్లాడు. 1970లో తీసిన మొదటి సినిమా "ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్". కెమెరా విత్తోరియో స్తొరారో, సంగీతం ఎన్నియో మొర్రికోనె.

అందులో ఒక సన్నివేశం దగ్గర కాస్త ఆగుదాం. శామ్ అనే అమెరికన్ రచయిత రాత్రివేళ నడిచిపోతూ రోడ్డుకు అవతల ఆర్ట్ గ్యాలరీలోకి చూస్తాడు. నిలువెత్తు గాజు గోడ, లోపల తెల్లటి వెలుతురు. మెట్ల మీద నల్ల కోటు మనిషి ఒకరు, తెల్ల బట్టల్లో ఒక స్త్రీ పెనుగులాడుతున్నారు. ఆమెకు కత్తిపోటు తగులుతుంది. శామ్ పరుగెత్తుకొస్తాడు. బయటి గాజు తలుపు దాటుతాడు, లోపలి గాజు తలుపు తెరుచుకోదు, వెనక తలుపు కూడా మూసుకుపోతుంది. రెండు గాజుల మధ్య ఇరుక్కుపోయాడు. లోపల ఆమె నెత్తురోడుతూ నేల మీద పాకుతూ చెయ్యి చాస్తుంది, మాట వినబడదు. బయట దారినపోయేవాడికి శామ్ కేకలూ వినబడవు. చూడడం తప్ప ఇంకేం చేయలేడు. థియేటర్లో కూర్చున్న మన పరిస్థితీ అచ్చంగా అదే.

తర్వాత పోలీసు అధికారి పాస్‌పోర్టు తీసేసుకుంటాడు. శామ్‌ను అంతకంటే గట్టిగా కట్టిపడేసేది అతని జ్ఞాపకం. ఆ దృశ్యంలో ఏదో ఒకటి పొసగడం లేదు, ఏమిటో అందడం లేదు. సినిమా వచ్చి యాభై ఏళ్లు దాటింది కనుక గుట్టు విప్పినా పాపం లేదు. కత్తి తెల్ల బట్టల స్త్రీదే, దాడి ఆమెదే. మగవాడు ఆమె చేతుల్లోంచి తప్పించుకునే ప్రయత్నంలో ఉన్నాడు. మగవాడు, ఆడది, కత్తి అని మూడు కనిపించగానే ఎవరు ఎవర్ని చంపుతున్నారో శామ్ ముందే తీర్మానించుకున్నాడు. మనమూ అంతే. కన్ను సరిగ్గానే చూసింది, మనసే మోసపోయింది.

అర్జెంతో ఈ ప్రశ్నను 1975లో "డీప్ రెడ్"తో ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. అందులో నాయకుడిగా డేవిడ్ హెమింగ్స్‌ను పెట్టుకోవడం కాకతాళీయం అనుకోను. 1966లో ఆంతోనియోని "బ్లో అప్"లో పార్కులో ఫొటోలు తీసి, తాను తీసిందేమిటో తనకే తెలియక గింజుకున్న ఫొటోగ్రాఫర్ ఆయనే. "డీప్ రెడ్"లో పియానో వాయించే ఇంగ్లిషువాడు. వీధిలోంచి కిటికీలో హత్య చూసి పైకి పరుగెత్తుతాడు. పటాలు వేలాడే పొడవాటి నడవాలోంచి వెళతాడు. తర్వాత ఆ గోడ మీద ఒక పటం తగ్గినట్టు అతనికి అనిపిస్తుంది. సినిమా చివర్లో తెలుస్తుంది, అది పటం కాదు, అద్దం. అందులో కనిపించింది హంతకుడి ముఖం. ఎవరిదో చెప్పను గానీ ఒక్క మాట. అతను నడవాలో నడిచినప్పుడు ఆ ముఖం తెర మీద మనకు కూడా కనిపించింది. రీలు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. దర్శకుడు ఏమీ దాచలేదు, చూసీ చూడనిది మనమే. అర్జెంతో చాలా సినిమాల్లో గ్లౌజులు తొడిగిన ఆ చేతులు ఆయనవే. ఆ విషయం అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆయన గొప్పతనం నాకు ఆ అద్దంలో కనిపిస్తుంది.

ఈ సినిమాల్లో సాక్షి తరచుగా పరదేశి కావడం కూడా గమనించండి. విదేశీ మార్కెట్లో అమ్ముకోవడానికి విదేశీ నటుడు కావాలి, అది వ్యాపారం. కానీ ఊరు తెలియనివాడు, భాష సగం తెలిసినవాడు చూసినదాన్ని పొరబడడానికి ఎక్కువ వీలుంటుంది. వ్యాపార అవసరమే కథకు బలమైంది.

వరద

అర్జెంతో సినిమా ఆడగానే ఇటలీ నిర్మాతలు ఎగబడ్డారు. 1971, 72లలో వరదలా వచ్చాయి. పేర్లలో జంతువులు తప్పనిసరి: పిల్లి, ఈగలు, బల్లి, సాలీడు, తేలు, బాతుపిల్ల. సెర్జియో మార్తీనో, ఉంబెర్తో లెంజి, లూచియో ఫుల్చి వంటి దర్శకులు, ఎడ్విజ్ ఫెనెక్ లాంటి తారలు. నటులు తలో భాషలో మాట్లాడేవారు, తర్వాత డబ్బింగ్. సినిమా తర్వాత సినిమాలో డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూముల్లో జె అండ్ బి విస్కీ సీసా ఒకటి దర్శనమిస్తుంది. అభిమానులు దాన్ని వెతుక్కోవడం ఒక ఆటగా పెట్టుకున్నారు.

ఇటాలియన్లు ఇలాంటి వరుసను ఫిలోనే అంటారు. ఒక హిట్టు పడ్డాక దాని వెంట సాగే పాయ. మనకిది చెప్పాల్సిన పని లేదు. 1999లో "సమరసింహారెడ్డి" తర్వాత "నరసింహనాయుడు", "ఆది", "ఇంద్ర" వచ్చాయి. ఫ్యాక్షన్ సినిమా అన్న పేరు మన బజార్లోనే పుట్టింది. అసలు ఫ్యాక్షన్ అనేది సీమ పల్లెల్లో మనుషుల్ని తిన్న పగ. ఫ్యాక్షన్ సినిమా అనగానే మాత్రం గుర్తొచ్చేది తెల్లచొక్కాలు, గాల్లోకి లేచే సుమోలు, తొడ చరుపులు. పేరు లోపలి సంగతిని వదిలేసి పైబట్టను పట్టుకుంటుంది. జాల్లోకూ ఇదే జరిగింది.

ఆ వరదలో వచ్చిన ఒక సినిమా నా వాదనకు గట్టి సాక్ష్యం. 1972లో ఫుల్చి తీసిన "డోంట్ టార్చర్ ఎ డక్లింగ్". దక్షిణ ఇటలీలో ఒక పల్లె. చిన్నపిల్లల హత్యలు జరుగుతుంటాయి. నగరం లేదు, ఫ్యాషన్ లేదు, రంగురంగుల లైట్లు లేవు. మంత్రగత్తె అని ఊరు వెలివేసిన స్త్రీ మీద అనుమానం పడుతుంది. పోలీసులు నిర్దోషి అని వదిలేసినా, ఊరి మగవాళ్లు శ్మశానంలో ఆమెను గొలుసులతో కొడతారు. పక్కన రేడియోలో పాట మోగుతూనే ఉంటుంది. ఒళ్లంతా చీరుకుపోయి ఆమె పాకుకుంటూ హైవే పక్కకు చేరుతుంది. సెలవులకు పోతున్న కుటుంబాల కార్లు వరుసగా వెళుతుంటాయి. ఆమె వాళ్ల కంటబడుతుంది, ఎవరూ ఆపరు. అక్కడే చనిపోతుంది. ఊరు పొరబడి చూసింది, హైవే చూసి కూడా చూడలేదు. ఇది జాల్లో కాదనే సాహసం ఇంతవరకు ఏ పండితుడూ చేసినట్టు నేను చూడలేదు.

పేరు పొలిమేర దాటాక

ఈ సినిమాలు 70లలో అమెరికా, బ్రిటన్‌లకు పోయినప్పుడు థ్రిల్లర్ అనో హారర్ అనో అమ్మారు. జాల్లో అన్న మాట అక్కడి మామూలు ప్రేక్షకుడికి తెలియదు. 80లలో వీడియో క్యాసెట్ల కాలంలో అభిమానులు వీటిని వెతికి పట్టుకున్నారు. బ్రిటన్‌లో "వీడియో నాస్టీస్" పేరిట పెద్ద గొడవ చెలరేగి 1984లో చట్టమే వచ్చింది. ఆ నిషేధాల జాబితాలో అర్జెంతో "టెనెబ్రే", బావా "ఎ బే ఆఫ్ బ్లడ్" ఉన్నాయి. దొరకని సరుకు మీద మోజు పెరిగింది. కోతలు లేని ప్రతి కోసం వెతికేవాడికి కోసిన భాగాలే ముఖ్యమవుతాయి, కోసిన భాగాలంటే హత్యలు. అలా అభిమానుల నోట జాల్లో అంటే అందంగా తీసిన హత్యల సినిమా అన్న అర్థం స్థిరపడింది. 2006లో మైకెల్ కోవెన్ ఈ సినిమాల మీద ప్రత్యేకంగా పుస్తకం రాసేనాటికి ఆ మాట ఇంగ్లిషులో వేళ్లు తన్నుకుంది.

జాల్లోను స్లాషర్ సినిమాలతో కలిపేసేవాళ్లున్నారు. చుట్టరికం నిజమే. 1971 నాటి "ఎ బే ఆఫ్ బ్లడ్"లో మంచం మీది జంటను ఒకే బల్లెంతో పొడిచే దృశ్యం 1981లో "ఫ్రైడే ద థర్టీన్త్" రెండో భాగంలో తిరిగి కనిపించింది. కానీ "హాలోవీన్" లాంటి స్లాషర్‌లో హంతకుడెవరో ముందే తెలుసు. ఎవరు మిగులుతారన్నదే ఉత్కంఠ. చచ్చేది టీనేజీ కుర్రకారు, చివర మిగిలేది ఒక అమ్మాయి. జాల్లోలో హంతకుడెవరన్నది తేలాలి, దాన్ని తేల్చాల్సింది పోలీసు కాదు, చూసి చిక్కుకున్న మామూలు మనిషి.

మరి 1977 నాటి "సస్పీరియా" సంగతేమిటి? మంత్రగత్తెలున్నారు కనుక జాల్లో కాదని నియమాలు నిష్ఠగా పాటించేవాళ్లు అంటారు. నియమం ప్రకారం సబబే. అయినా ఆ కథ వెన్నెముక చూడండి. వానలో డాన్సు బడి గుమ్మం దగ్గర సూజీ అనే అమెరికన్ అమ్మాయి, పారిపోతున్న మరో అమ్మాయి నోటి వెంట రెండు ముక్కలు సగంసగం వింటుంది. వాటి అర్థం చివర్లో గాని తట్టదు. కన్ను చేసిన పనే ఇక్కడ చెవి చేసింది. 2021లో ఎడ్గర్ రైట్ తీసిన "లాస్ట్ నైట్ ఇన్ సోహో"లోనూ కలల్లో ఒక అమ్మాయి హత్యను చూశాననుకున్న నాయిక, చచ్చిందెవరో చంపిందెవరో తారుమారుగా అర్థం చేసుకుంటుంది. "క్రిస్టల్ ప్లూమేజ్" గ్యాలరీలోని పొరబాటు అది. పీటర్ స్ట్రిక్‌లాండ్ "బెర్బేరియన్ సౌండ్ స్టూడియో" (2012)లో ఒక ఇంగ్లిషు సౌండ్ ఇంజనీరు ఇటలీ స్టూడియోలో హారర్ సినిమాకు శబ్దాలు చేస్తుంటాడు. కత్తిపోటు కోసం పుచ్చకాయలు నరుకుతారు. తెర మీద ఏం జరుగుతోందో టైటిల్స్ తప్ప మనకేమీ చూపరు, అతని ముఖమే చూపుతారు. ఒక్క హత్య కూడా కనబడకుండా జాల్లో గుండెను పట్టుకున్న సినిమా అది.

ఒక అభియోగం

ఆడవాళ్లను చంపడాన్ని వేడుక చేశారన్నది ఈ సినిమాల మీద పాత ఆరోపణ. దాన్ని తోసిపుచ్చను. ఆ వరదలో వచ్చినవాటిలో చాలావాటికి అందమైన స్త్రీ, కత్తి, తీరుబడిగా కదిలే కెమెరా తప్ప వేరే ఆలోచన లేదు. వాటిని కళాఖండాలని మొయ్యడం అభిమానుల మొహమాటం. అయితే ఈ పాయలోని మంచి సినిమాలు ఆ చూపునే నిలదీశాయి. ఆడది కాబట్టి బాధితురాలే అయ్యుంటుందనుకున్న శామ్ మోసపోయాడు, అతని వెంట మనమూ మోసపోయాం. గ్లౌజుల నిర్వచనంతో చూస్తే రెండు రకాలూ ఒకే గాటన పడతాయి. కంటి నిర్వచనంతో చూస్తే ఏది వేడుక, ఏది నిలదీత అన్నది విడిపోతుంది. నిర్వచనం విమర్శకు పనికిరావాలంటే ఇలాంటి తేడాలు చూపగలగాలి.

తెలుగులో ఎలా వాడదాం

వాడకం విషయంలో నావి మూడు సూచనలు. ఇటాలియన్ నవలల గురించి రాసేటప్పుడు జాల్లో అంటే డిటెక్టివ్ కథ అని గుర్తుంచుకుందాం, కమిల్లేరిని హారర్ రచయితను చేయొద్దు. సినిమాల విషయంలో, 1963 మొదలు 80ల వరకు ఇటలీలో వచ్చిన పాయకు జాల్లో అన్న పేరు ఉంచి, తర్వాతి వాటిని, ఇతర దేశాల వాటిని జాల్లో తరహా అందాం. మూడోది ముఖ్యం. మన తెలుగు థ్రిల్లర్‌లో ఎర్ర లైటూ నల్ల గ్లౌజూ కనిపించినంత మాత్రాన ఈ ముద్ర వేయొద్దు. ఎవరు చూశారు, ఏమని అనుకున్నారు, ఆ అనుకోవడంలో పొరబాటు ఎక్కడుంది, ప్రేక్షకుడికీ ఆ పొరబాటులో వాటా ఉందా అని అడుగుదాం. వాటికి జవాబులు దొరికితే గ్లౌజులు లేకపోయినా ఫరవాలేదు.

ఈ కొలత పెడితే ఒక చిక్కు వస్తుందని నాకు తెలుసు. గ్లౌజులకు పుట్టిల్లయిన "బ్లడ్ అండ్ బ్లాక్ లేస్"లో సాక్షి లేడు కనుక అదే గుమ్మం బయట నిలబడాల్సి వస్తుంది. అన్ని జాబితాల్లో మొదటి వరుసలో ఉండే సినిమా అది. నేను మాత్రం దాన్ని ఈ పాయకు దర్జీ అంటాను గానీ తల్లి అనను. ఆ పేరు 1963 నాటి నలుపు తెలుపు నోరాకే ఇస్తాను. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఈ హాల్లో ఉన్నారని ముఖాలు చూస్తుంటే తెలుస్తోంది. వాళ్ల వాదన వినడానికి సిద్ధంగా ఉన్నాను. చర్చకు సమయం మిగిల్చాను, లేచి మాట్లాడండి.